బాధ నిజం, కానీ నిశ్శబ్దం మందు కాదు: రోజువారీ చప్పుళ్లు భరించలేని ఒక పేషెంటు కేసు

ఈ కేసు రాయడానికి పేషెంటూ, ఆమె భర్తా ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి సమస్యలు పరీక్షించి చికిత్స చేసే నిపుణురాలిని/నిపుణుణ్ణి అనే కోవలోని మనిషిని. మా దగ్గరికి ఎక్కువగా వినపడనివాళ్లు వస్తారు. మరీ ఎక్కువగా వినపడుతోందని వచ్చేవాళ్లు తక్కువే. వాళ్లు కూడా ఎన్నో గడపలు ఎక్కి దిగాక గానీ రారు. ఈలోగా వాళ్లకి దొరికే సలహాల్లో చాలావరకు జబ్బుని ముదరబెట్టేవే. ఈ కేసు రాయడానికి కారణం అదే.

పేషెంటు వయసు 36. ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఇంట్లో భర్త, తొమ్మిదేళ్ల కొడుకు, అత్తగారు. వెంట తెచ్చిన చీటీలో "వినికిడి నార్మల్. శబ్దాలంటే భయం. కౌన్సెలింగ్ ఇప్పించండి" అని ఉంది. ఆమె చెవుల్లో స్పాంజ్ ఇయర్‌ప్లగ్స్, వాటి మీద పెద్ద ఇయర్‌మఫ్స్. నేను మాట్లాడింది అర్థం కావడానికి నా పెదాల వైపే చూస్తోంది. వినికిడి బాగున్న మనిషి పెదాలు చూసి మాట అర్థం చేసుకోవాల్సిన పరిస్థితికి వచ్చిందంటే, ఇది ఒక్కరోజులో జరిగింది కాదని తెలుస్తూనే ఉంది.

మొదలు ఎక్కడ

ఎనిమిది నెలల కిందట కారు ఓ గోడకి గుద్దుకుంది. దెబ్బలేం తగల్లేదు గానీ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు వచ్చే చప్పుడు రెప్పపాటే ఉంటుంది. ఆ రెప్పపాటులోనే అది 150 డెసిబెల్స్ దాటిపోతుంది. ఆ రోజు కుడిచెవి దిమ్మెక్కింది. దిమ్ము రెండు మూడు రోజుల్లో వదిలింది, చెవిలో గుయ్యిమనే మోత మాత్రం మిగిలిపోయింది. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

కొన్ని వారాలకి గిన్నెల చప్పుడు గుచ్చుకోవడం మొదలైంది. తర్వాత కుర్చీ ఈడ్చిన చప్పుడు, ప్లాస్టిక్ కవర్ నలిపిన చప్పుడు, కుళాయి కింద నీళ్లు పడే చప్పుడు. ఆ వరసలో చివరిది చెప్పేటప్పుడు ఆమె గొంతు పట్టేసింది. కొడుకు నవ్వు. "వాడు నవ్వితే నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోతుందండీ. వాడు చూస్తున్నాడని తెలిసినా పోతుంది. ఇప్పుడు వాడు నా ముందు నవ్వడం మానేశాడు."

ఇంట్లోవాళ్లు ఏమంటున్నారని అడిగాను. ఇలాంటి కేసుల్లో చెవిని ఎంత పరీక్షిస్తానో ఇంటినీ అంతే అడిగి తెలుసుకుంటాను.

భర్త దాపరికం లేకుండా చెప్పాడు. "అంత పెద్ద చప్పుడేం కాదండీ. అదే చప్పుడు నాకూ వినిపిస్తోంది కదా. కాస్త మనసు గట్టి చేసుకుంటే అలవాటైపోతుందని చెబుతూనే ఉన్నాను." ఆయన చెడ్డవాడేం కాదు. ప్రతి అపాయింట్‌మెంటుకీ సెలవు పెట్టుకుని వచ్చాడు. ఒకే గదిలో ఒకే చప్పుడు ఇద్దరికి రెండు రకాలుగా తగులుతుందన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అత్తగారిది ఇందుకు పూర్తిగా వేరే దారి. కోడలి బాధ చూసి ఇల్లంతా సద్దుమణిగేలా చేసింది. టీవీ కట్టేయించింది. గిన్నెల కింద మందపాటి గుడ్డలు పరిచింది. మనవడిని సాయంత్రాలు ఆటకని బయటికి పంపేసేది. కోడలు పడుకునే గది తలుపు సందుల్లో కూడా గుడ్డలు కుక్కింది. ఇదంతా ప్రేమతో చేసిందే. "అమ్మాయికి ఏ చప్పుడూ తగలనివ్వకుండా చూసుకుంటున్నానమ్మా. అయినా రోజురోజుకీ ఎక్కువే అవుతోంది, ఎందుకో అర్థం కావడం లేదు" అంది నాతో.

ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. చప్పుళ్లకి మళ్లీ అలవాటు పడాలన్నది నిజం. ఆమె బాధ నిజమన్నదీ నిజమే. ఏ సగాన్నైనా రెండోదాన్ని వదిలేసి పట్టుకుంటే మాత్రం పేషెంటుకి కీడే జరుగుతుంది. ఈ కుటుంబంలో రెండు సగాలూ విడివిడిగా ఒకే ఇంట్లో ఉన్నాయి.

పరీక్షలు

చెవిపొర, మధ్యచెవి ఒత్తిడి రెండూ బాగానే ఉన్నాయి. ఆడియోగ్రామ్‌లో (వినికిడిని గీతలా చూపే పరీక్ష) కుడిచెవికి 6000 హెర్ట్జ్ దగ్గర కాస్త గుంట ఉంది, అంటే ఆ కీచు శబ్దాల దగ్గర వినికిడి కొద్దిగా తగ్గింది. తక్కినదంతా నార్మల్. పెద్ద శబ్దానికి మధ్యచెవి కండరం బిగుసుకుంటుందా లేదా అని చూసే రిఫ్లెక్స్ పరీక్ష కావాలనే చెయ్యలేదు. అందులో చెవిలోకి పంపే శబ్దం చాలా గట్టిగా ఉంటుంది. ఇలాంటి పేషెంటుకి ఆ పరీక్ష వల్ల తెలిసేది తక్కువ, పడే నొప్పి ఎక్కువ. మామూలుగా వరసపెట్టి చేసే పరీక్షల్లో అది దానంతటదే నడిచిపోతుంటుంది కాబట్టి తోటి ఆడియాలజిస్టులకి దీన్ని విడిగా గుర్తుచేస్తున్నాను.

అసలు పరీక్ష, ఏ స్థాయిలో శబ్దం ఇబ్బందిగా మారుతుందో కొలవడం. మామూలు చెవులకి అది సగటున 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఆమెకి మూడు మాటలు చెప్పాను: చాలా చిన్నగా మొదలుపెడతాను, కొద్దికొద్దిగా పెంచుతాను, మీరు చెయ్యి ఎత్తిన క్షణమే ఆపేస్తాను. ఓర్చుకునే శక్తి ఎంతుందో చూసే పరీక్ష కాదిది, కాబట్టి ఎంతో కొంత భరించి చూపించాలని అనుకోవద్దని కూడా చెప్పాను.

ఆమె చేతికన్నా భుజాలే ముందు స్పందించాయి. చెయ్యి ఎత్తడానికి రెండు మెట్లు ముందే భుజాలు పైకి లేచాయి, దవడ బిగుసుకుంది. శబ్దం ఇంకా ఇబ్బంది పెట్టకముందే, ఇబ్బంది పెట్టబోతోందని శరీరం సిద్ధమైపోయింది. కుడిచెవికి 60 నుంచి 70 మధ్య, ఎడమచెవికి 70 నుంచి 75 మధ్య ఆగింది. ఇక్కడ చిన్న హెచ్చరిక. ఆడియోమీటర్ మీద కనిపించే డెసిబెల్స్ కొలమానం వేరు, ఫోన్ యాప్‌లో కనిపించేవాటి కొలమానం వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆమె భరించగల హద్దు మామూలు కన్నా 25 నుంచి 40 డెసిబెల్స్ వరకు కిందికి దిగిపోయిందన్నదే ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సింది.

2002లో స్టెఫానీ ఖల్ఫా బృందం తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి ఉంది. 14 ప్రశ్నలు, మొత్తం 42 మార్కులు. 28 దాటితే శబ్దాల పట్ల తీవ్రమైన సున్నితత్వం ఉన్నట్టు. ఈమెకి 31 వచ్చింది.

హైపర్‌అక్యూసిస్ (మామూలు చప్పుళ్లే భరించలేనంత పెద్దగా తగిలే జబ్బు) అని రాసే ముందు తోసిపుచ్చాల్సినవి కొన్ని ఉన్నాయి. సొంత అడుగుల చప్పుడు, కళ్లు తిప్పిన చప్పుడు లోపల్నుంచి వినపడుతున్నాయా, పెద్ద శబ్దానికి కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాను. లోపలిచెవిలో పై అర్ధవృత్త నాళం మీది ఎముక పలచబడితే అలా ఉంటుంది. అవేం లేవు. నవ్వమన్నాను. ముఖం రెండు వైపులా సమానంగానే కదిలింది. ముఖ నరం దెబ్బతింటే మధ్యచెవిలోని స్టెపీడియస్ కండరం పట్టు తప్పి శబ్దాలు గట్టిగా తగులుతాయి కాబట్టి అది చూడాలి. మైగ్రేన్ లేదు. ఉంటే ఆ నొప్పి వచ్చిన గంటల్లో శబ్దం సయించకపోవడం మామూలే. వినికిడి తగ్గినవాళ్లలో చిన్న శబ్దం వినపడక, కాస్త పెద్దది కాగానే ఒక్కసారిగా మోతలా తగిలే రిక్రూట్‌మెంట్ కూడా కాదు, ఎందుకంటే వినికిడి దాదాపు మామూలుగానే ఉంది.

భర్త ఎక్కడో చదివి "మిసోఫోనియా కావచ్చా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు 2001లో పెట్టిన పేరది. అందులో శబ్దం ఎంత పెద్దదన్నది లెక్కకాదు. నమలడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం లాంటి ఫలానా చప్పుళ్లే, అదీ ఒక్కోసారి ఫలానా మనిషి చేస్తేనే, పట్టరాని కోపాన్నో రోతనో తెప్పిస్తాయి. ఈమెకి కోపం లేదు. ఎవరు చేసినా ఒకటే. గట్టిదైతే చాలు, గుచ్చుకుంటుంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు గానీ ఈమెలో మిసోఫోనియా లేదు.

2014లో రిచర్డ్ టైలర్ బృందం హైపర్‌అక్యూసిస్‌ని నాలుగు రకాలుగా విడదీసింది: శబ్దం పెద్దగా తగలడం, చిరాకు, భయం, నొప్పి. ఈమెలో మొదటిదే ముఖ్యం. దాని మీద భయం పేరుకుంది. గట్టి చప్పుడు తగిలిన రోజు సాయంత్రం దాకా చెవిలో మంట ఉంటుందంటే నొప్పి కూడా కొంత ఉందన్నమాట. చీటీ మీద "శబ్దాలంటే భయం" అన్న ఒక్క ముక్కే రాసి పంపడం వల్ల, ఆ భయానికి ముందు మరేదో ఉందన్న సంగతి మరుగున పడిపోయింది.

ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది

చికిత్స మొదలుపెట్టే ముందు ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికీ విడిగా చెబితే ఎవరికి కావాల్సిన సగం వాళ్లు పట్టుకెళతారు.

చెవి నుంచి వచ్చే సంకేతం తగ్గినా, చెడినా మెదడులోని వినికిడి మార్గం ఊరుకోదు. వచ్చినదాన్ని పెంచి వినడానికి ప్రయత్నిస్తుంది. అలా పెంచడం అతిగా జరిగినప్పుడు మామూలు చప్పుడు కూడా మోతలా తగులుతుందన్నది హైపర్‌అక్యూసిస్‌కి ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు చెప్పే వివరణ. అందుకే ఆడియోగ్రామ్ బాగున్నా బాధ ఉంటుంది. భర్తకి చెప్పాల్సిన సగం ఇది. "మీకు వినిపించే చప్పుడూ ఆవిడకి వినిపించే చప్పుడూ బయట ఒకటే. లోపల ఒకటి కాదు" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత భార్య వైపు తిరిగి, "నాకు ముందే ఎవరైనా ఇలా చెప్పుంటే బాగుండేది" అన్నాడు.

రెండో సగం అత్తగారి కోసం. 2003లో క్రెయిగ్ ఫోర్మ్‌బీ, సహ పరిశోధకులు చెవులు బాగున్నవాళ్లతోనే ఒక ప్రయోగం చేశారు. రెండు వారాల పాటు రోజులో దాదాపు పూర్తి సమయం ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నవాళ్లకి, తీశాక అవే శబ్దాలు మునుపటికన్నా పెద్దగా అనిపించాయి. చెవుల్లో సన్నని హోరు వినిపించే పరికరాలు పెట్టుకున్నవాళ్లకి చిన్నగా అనిపించాయి. ఏ జబ్బూ లేనివాళ్లకే రెండు వారాల్లో అంత తేడా వస్తే, నెలల తరబడి చెవులు మూసుకున్న మనిషి సంగతి ఆలోచించండి. చాలాసేపు చీకటి గదిలో ఉండి బయటికొస్తే మామూలు పగటి వెలుతురే కళ్లలో పొడిచినట్టుంటుంది కదా, అలాంటిదే ఇది. పెద్దావిడకి ఇది వెంటనే అందింది. "అయితే నేనే ఎక్కువ చేశానా?" అంది. కాదమ్మా, మీరు ఆమెని నమ్మారు, ఆ పని ఇంకెవరూ చెయ్యలేదు, ఇప్పుడు పద్ధతి మార్చుకుంటే చాలన్నాను. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో అత్తయ్యా" అంది.

ఇంకో సంగతి పేషెంటుకి నేరుగా చెప్పాల్సి వచ్చింది. బాధ పెట్టే ప్రతి చప్పుడూ చెవిని పాడుచేస్తోందని ఆమె నమ్మకం. ఉద్యోగ స్థలాల్లో చెవి రక్షణకి అమెరికాలోని నియాష్ సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్, అదీ రోజుకి 8 గంటలు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఉండదగ్గ సమయం సగమవుతుంది. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. కుర్చీ ఈడ్చడం, కవర్ నలగడం, పిల్లవాడి నవ్వు, ఇవేవీ చెవిని పాడుచేసే జాబితాలోకి రావు. బాధ నిజమే, కానీ దానివల్ల చెవికి నష్టం జరగడం లేదు. ఇది నమ్మకం కుదిరేదాకా ఎన్నిసార్లైనా ఓపిగ్గా చెప్పాలి.

చికిత్స నడిచిన తీరు

ఇయర్‌ప్లగ్స్ ఒక్కసారిగా లాగేయలేదు. అలా లాగేసిన చోట పేషెంట్లు తిరిగి రావడం మానేస్తారు. ఎక్కడెక్కడ పెట్టుకుంటోందో ఆమె చేతే రాయించాను, ఎక్కడ ముందు తియ్యగలదో ఆమెనే ఎంచుకోమన్నాను. మొదట తీసింది రాత్రి పడుకునేటప్పుడు. ఆ తర్వాత ఒంటరిగా ఉన్న గదిలో. ప్రయాణాల్లో స్పాంజ్ ప్లగ్స్ బదులు శబ్దాన్ని కొద్దిగా, అన్ని స్థాయిల్లోనూ ఇంచుమించు సమానంగా తగ్గించే ఫిల్టర్ ప్లగ్స్ ఇచ్చాను. డ్రిల్లింగ్ మెషీన్ పక్కన, లౌడ్‌స్పీకర్ల ముందు మాత్రం అందరిలాగే పూర్తి రక్షణ వాడమన్నాను. అక్కడ వాడకపోతేనే తప్పు.

దీంతోపాటు రెండు చెవులకీ సన్నని హోరు వినిపించే చిన్న పరికరాలు. చెవి మూసుకుపోని రకమే పెట్టాలి, లేకపోతే అవే ఇయర్‌ప్లగ్స్ అయి కూర్చుంటాయి. మొదట్లో హోరు ఉందో లేదో అన్నంత తక్కువ. ఇది పక్కనున్న చప్పుడుని కప్పేయడానికి కాదు, చెవికి తేలికైన మేత ఎప్పుడూ అందుతూ ఉండడానికి. ఇంట్లో కూడా పూర్తి నిశ్శబ్దం వద్దన్నాను. ఫ్యాను తిరగనివ్వండి, రేడియో చిన్నగా మోగనివ్వండి, తలుపు సందుల్లో గుడ్డలు తీసేయండి. గుడ్డలు తీసినరోజు కోడలికన్నా అత్తగారికే ఎక్కువ టెన్షన్.

భయం సంగతి సైకాలజిస్టుతో కలిసి చూశాం. హైపర్‌అక్యూసిస్‌కి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) పనికొస్తుందని స్వీడన్‌లో 60 మంది పేషెంట్లతో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఆ పద్ధతిలో చప్పుళ్లకి కొద్దికొద్దిగా దగ్గరవడం ఒక భాగం. మా పేషెంటుకి బాగా కలిసొచ్చిన అభ్యాసం చాలా చిన్నది. తను చేసిన చప్పుడుని మనిషి తేలిగ్గా భరిస్తాడు, చెప్పి చేసినదాన్ని కాస్త కష్టంతో భరిస్తాడు, చెప్పకుండా వచ్చినదే దెబ్బలా తగులుతుంది. అందుకని మొదట ఆమే చెంచాని సింకులో వేసింది, ముందు రబ్బరు మ్యాట్ మీద, తర్వాత మ్యాట్ లేకుండా. ఆ తర్వాత కొడుకుని పిలిచాం. వాడు "అమ్మా, ఒకటి, రెండు, మూడు, వేస్తున్నా" అని వేసేవాడు. కొన్నాళ్లకి అంకెలు మానేసి "వేస్తున్నా" అన్నాడు. తర్వాత అది కూడా లేదు. అమ్మకి తన వల్లే నొప్పి అనుకుంటూ నెలల తరబడి ముడుచుకుపోయిన పిల్లవాడికి, అమ్మ బాగవడంలో తనకో పని దొరకడం ఎంత మేలు చేసిందో వాణ్ణి చూస్తే తెలిసేది. వాడి కోసమైనా ఈ అభ్యాసం చేయించాల్సిందేనని ఇప్పటికీ అనుకుంటాను.

అంతా సాఫీగా సాగలేదు. రెండో నెలలో ఆఫీసులో ఫైర్ డ్రిల్ జరిగింది. అలారం ఆమె తలమీదే మోగింది. చెవిలో మంట కొన్నిరోజులు తగ్గలేదు. ఇయర్‌ప్లగ్స్ మళ్లీ బయటికొచ్చాయి. ఇలా వెనక్కి జారడం ఈ జబ్బులో మామూలే, ముఖ్యంగా నొప్పి ఉన్నవాళ్లలో. అప్పుడు పట్టుబట్టి ముందుకి తొయ్యకూడదు, మళ్లీ మొదటికీ పోకూడదు. రెండు మెట్లు దిగి, మంట తగ్గేదాకా అక్కడే ఆగాం. నొప్పే ప్రధానంగా ఉన్న పేషెంట్లకి ఈ పద్ధతి అంతా ఇంత సులువుగా నప్పదు. వాళ్ల విషయంలో అడుగు మరింత నెమ్మదిగా పడాలి, "ఇంకాస్త ఓర్చుకోండి" అన్న మాట మన నోట రాకూడదు.

ఆఫీసు

ఇంట్లో మెట్టు మెట్టుగా కట్టుకొచ్చింది ఆఫీసులో ఒక్క క్షణంలో కూలిపోవచ్చని ఆ అలారంతో తేలిపోయింది. అంతకు ముందు కూడా అక్కడ ఒకటి జరిగింది. తోటి ఉద్యోగి ఒకతను వెనక నుంచి వచ్చి ఆమె చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాడు. నిజంగా అంత బాధేనా అని చూద్దామనుకున్నాడట. ఆమె కుర్చీలోంచి లేచి టాయిలెట్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాలికి కట్టు ఉంటే దాన్ని ఎవరూ తన్ని చూడరు. ఈ జబ్బుకి కట్టు లేదు, అందుకే ఎవరికి వాళ్లు పరీక్ష పెట్టి చూస్తారు.

పేషెంటు ఒప్పుకున్నాక ఆమె టీమ్‌తో అరగంట మాట్లాడాను. ఆమె కూడా అక్కడే కూర్చుంది. అవగాహన కార్యక్రమాల్లో కొందరు హెడ్‌ఫోన్లు పెట్టి గట్టి శబ్దం వినిపించి "వాళ్ల బాధ ఎలా ఉంటుందో చూడండి" అంటుంటారు. అది నేను ఎప్పుడూ చెయ్యను, ఇతరులు చేస్తుంటే వద్దంటాను. వినేవాళ్ల చెవులకి అది మంచిది కాదు, పైగా అక్కడ తెలిసేది పెద్ద శబ్దం ఎలా ఉంటుందన్నదే. చిన్న శబ్దం పెద్దగా తగలడం ఎలా ఉంటుందో దానివల్ల తెలియదు. దాని బదులు, ఆమె ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో ఆమెనే చెప్పమన్నాను. లిఫ్ట్ గంట, ప్రింటర్ ట్రే మూసిన చప్పుడు, ఎవరో స్టేప్లర్ గుద్దడం, మీటింగ్ చివర చప్పట్లు. ఆ వరస వింటుంటే గదిలో వాళ్లకి తమ రోజు కూడా కనిపించింది. నేను ఎన్ని అంకెలు చెప్పినా అంత పని చేసేవి కావు.

"అయితే మేమంతా గుసగుసలాడుకోవాలా?" అని ఒకావిడ అడిగింది. వద్దన్నాను. మామూలుగా మాట్లాడండి, మామూలుగా నవ్వండి. ఉన్నట్టుండి చేసే గట్టి చప్పుడు ఒక్కటే ముందు చెప్పి చెయ్యండి. ఆమె బల్ల ప్రింటర్ పక్క నుంచి మారింది. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ముక్కలు అంటించారు. అలారం డ్రిల్స్ ముందురోజే చెప్పడం మొదలైంది. చప్పట్లు కొట్టినతను చివర్లో ఆమె దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాడు. తనకి తెలియక చేశానన్నాడు. నేనా మాట నమ్ముతాను. చాలామందికి తెలియదు.

తెలియకపోవడానికి మనమూ కారణమే. మార్చి 3న ప్రపంచ వినికిడి దినం రోజు మేమంతా చెప్పేది ఒకటే మాట, పెద్ద శబ్దాల నుంచి చెవులు కాపాడుకోండి అని. అది చెప్పాల్సిన మాటే. కానీ ఆ మాట హైపర్‌అక్యూసిస్ ఉన్న మనిషి చెవిన పడితే, తనకి పెద్దగా అనిపించే ప్రతి చప్పుడూ ప్రమాదమే అనుకుని ఇంకో జత ఇయర్‌ప్లగ్స్ కొనుక్కుంటాడు. ఆ ప్రచారంలోనే మరో వాక్యం చేరాలి: మామూలు చప్పుళ్లే భరించలేకపోతుంటే చెవులు మూసుకోవద్దు, ఆడియాలజిస్టుని కలవండి.

ఫలితం

ఏడాది తర్వాత రెండు చెవులకీ ఇబ్బంది స్థాయి 80 నుంచి 90 మధ్యకి వచ్చింది. ప్రశ్నావళిలో 31 ఉన్నది 15 అయ్యింది. హోరు పరికరాలు రోజులో కొన్ని గంటలే, అదీ ఆఫీసులో. ఇయర్‌మఫ్స్ ఇంట్లో ఎక్కడున్నాయో తనకే తెలియదంది. చెవిలో మోత పోలేదు, గుర్తు చేసుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు. బెలూన్లు పగిలే చోటికి, పిల్లలు కిక్కిరిసిన హాళ్లకి ఆమె ఇప్పటికీ వెళ్లదు. వెళ్లక్కర్లేదు కూడా. పూర్తిగా నయమైందని రాయను. ఉద్యోగం నిలబడింది, ఇంట్లో టీవీ మోగుతోంది, కొడుకు అమ్మ పక్కన కూర్చునే నవ్వుతున్నాడు.

మొదట చూసే డాక్టర్లకి ఒక విన్నపం. "వినికిడి నార్మల్" అని రాసి వదిలెయ్యకుండా ఆ పక్కనే "శబ్దాలు భరించలేకపోతున్నారు, హైపర్‌అక్యూసిస్ పరీక్ష చెయ్యండి" అని ఒక్క ముక్క రాయండి. ఎమ్మారై రాస్తే స్కాన్ చేసేవాళ్లకి ముందే తెలపండి. ఆ యంత్రం చప్పుడు 100 డెసిబెల్స్ దాటే వీలుంది, అక్కడ చెవులకి రెట్టింపు రక్షణ కావాలి. చెవిలో గులిమి యంత్రంతో పీల్చే ముందు కూడా, ఆ చప్పుడు భరించగలరా అని పేషెంటుని అడగండి.

ఈ కేసు తర్వాత కుటుంబాలకీ, ఆఫీసులకీ, బడులకీ ఇవ్వడానికి ఒక పేజీ కాగితం తయారుచేసుకున్నాను. అందులో ఉన్నదిది:

"ఈ కాగితం తెచ్చిన వ్యక్తికి మామూలు చప్పుళ్లు చాలా పెద్దగా, ఒక్కోసారి నొప్పిగా తగులుతాయి. ఇది నటన కాదు. చెవి దగ్గర చప్పుడు చేసి పరీక్షించవద్దు. వారి కోసం పూర్తి నిశ్శబ్దం పాటించనక్కర్లేదు, దానివల్ల సమస్య పెరుగుతుంది. మామూలుగా మాట్లాడండి. గట్టి చప్పుడు చెయ్యాల్సి వస్తే ముందు చెప్పండి. వారు కాసేపు బయటికి వెళ్లొస్తే వెళ్లనివ్వండి. చెవుల్లో పెట్టుకోవాలా, తియ్యాలా అన్నది వారే, వారి ఆడియాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకుంటారు. మీరు చెప్పనక్కర్లేదు."

తోటి ప్రాక్టీషనర్లు ఎవరైనా దీన్ని తమ పేషెంట్లకి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు. పేషెంటు అనుమతి లేకుండా మాత్రం ఎవరికీ పంపవద్దు.